రాకెట్టుకు తూకంగుండు

మాది గుడియాత్తం. మా నాన్న నలభై ఏళ్ళుగా మేస్త్రీ. రెండేళ్ళ క్రితం ఆయన్నీ మా పాపనీ వేలూరులో అంతరిక్ష ప్రదర్శనశాలకు తీసుకెళ్ళాను. నాన్న లోపలికే రాలేదు. ముంగిట్లో నిలబెట్టిన రాకెట్టు నమూనా దగ్గరే ఆగి, ఒక కన్ను మూసి పైకీ కిందికీ చూశారు.

“అమ్మా, ఇది ఒరిగుండాది.”

నేను వద్దంటున్నా సంచీలోంచి తూకంగుండు తీశారు. గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఆ గుండు లేనిదే ఆయన గడప దాటరు. అడ్డంగా కట్టిన తాడు దాటి, రాకెట్టు పక్కన దారం వదిలారు.

కావలివాడు ఈల ఊదాడు. అక్కడ ఫొటోలు దిగుతున్న బడిపిల్లలు గొల్లుమని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అధికారి కోపంగా వచ్చారు.

“తిట్టేది అప్పురం తిట్టుదురు సార్, ముందు ఈ దారం చూడండప్పా,” అన్నారు నాన్న.

అధికారి చూశారు. దారం నిటారుగా వేలాడుతోంది, రాకెట్టు మాత్రం పక్కకు వాలి ఉంది. వంగి అడుగున చూస్తే, దిమ్మెకు బిగించిన బోల్టులు రెండు వదులై ఉన్నాయి. వెంటనే పిల్లల్ని దూరం పంపించి, నాన్న చేతులు పట్టుకున్నారు.

నెల తర్వాత, బాగుచేశాక, ఆ అధికారే ఫోన్ చేసి మమ్మల్ని రమ్మన్నారు. ఈసారి దారం వదిలినప్పుడు నేను నాన్న పక్కనే నిలబడ్డాను. ఆయన చాలాసేపు చూసి, గుండు సంచీలో వేసుకున్నారు.

“ఇప్పుడు ఎగరనీండప్పా!”