ఆంటీ తీసుకొచ్చిన పిల్లలు

ఆంటీ పోయిందని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. వేసవి సెలవులయ్యి బడి తెరిచిన వారం అది. "మా ఇంట్లో పోయినవాళ్ళ పేరు కొన్నాళ్ళు పలకం. మీరూ పలకకండి" అంది. అందుకే ఆంటీ అనే రాస్తున్నాను. ఆవిడది ఆస్ట్రేలియా ఆదివాసులైన అబోరిజినల్ కుటుంబం. వాళ్ళు కూడా మనలాగే పెద్దవాళ్ళను ఆంటీ అంటారు.

మెల్‌బోర్న్ ఉత్తరాన ఒక ప్రభుత్వ బడిలో నేను లెక్కల టీచర్ని. ఆవిడ అక్కడే తమ వాళ్ళ పిల్లల బాగోగులు చూసే ఉద్యోగి. పొద్దున్నే ఆకలితో వచ్చినవాళ్ళకు కమలాపండు వలిచి పెట్టేది. "ముందు తిను, తర్వాత భాగహారం" అనేది.

దేశమంతా రాసే నాప్లాన్ పరీక్ష ఫలితాలు రాగానే ప్రిన్సిపాల్ మీటింగులో గ్రాఫు చూపించేవాడు. పైన మన ఇండియా వాళ్ళ పిల్లలు, అడుగున ఆంటీ పిల్లలు. "మీవాళ్ళు ఇంట్లో ఏం చేస్తారో వీళ్ళకీ చెప్పండి" అన్నాడొకసారి నాతో, నవ్వుతూ. శనివారాలు ట్యూషన్ సెంటర్ ముందు మనవాళ్ళ కార్ల వరుస గుర్తొచ్చింది. ఆంటీ నవ్వలేదు.

"మీ నాన్న ఏం చేసేవారు?" అని నన్నడిగింది.

"ఇంజనీరు."

"మా అమ్మను బడి గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. అది ఈ గ్రాఫులో ఎక్కడుందో చూపించమను."

ఆ మరుసటి ఏడు పరీక్షకు ముందు బడి ఆఫీసు నుంచి ఆంటీ పిల్లల ఇళ్ళకే ఫోన్లు వెళ్ళాయి. ఒత్తిడిగా ఉంటే పిల్లల్ని పంపకపోయినా పర్వాలేదని. పరీక్ష రోజు తెల్లారగానే ఆంటీ ఇల్లిల్లూ తిరిగి అందర్నీ తన కారులో తెచ్చి నా గదిలో కూర్చోబెట్టింది.

"పాపం, వాళ్ళనెందుకు ఇబ్బంది పెడతారు?" అన్నాడు ప్రిన్సిపాల్, గుమ్మంలో నిలబడి.

"తక్కువ వస్తే రానివ్వండి. వాళ్ళూ ఈ బడిలో ఉన్నారని తెలియాలిగా" అంది.

తర్వాత ఆవిడ పనిగంటలు సగానికి తగ్గించారు. బడ్జెట్ లేదన్నారు. జీతం లేని రోజుల్లోనూ వచ్చేది. ఒంట్లో బాగోలేదని మాత్రం మాకెవరికీ చెప్పలేదు.

అంత్యక్రియల్లో ప్రిన్సిపాల్ సమానత్వం గురించి మాట్లాడాడు. మైకులో ఆవిడ పేరు పదేపదే పలికాడు. పలికినప్పుడల్లా వాళ్ళమ్మాయి కళ్ళు మూసుకుంది.

ఈసారి పరీక్షకు కూడా ఫోన్లు వెళ్ళాయి. ముందురోజు సాయంత్రం నేను కారు వేసుకుని ఆ ఇళ్ళకు వెళ్ళాను. ఒకావిడ తలుపు కొంచెం తీసి, నా మెడలోని బడి కార్డు చూసి, మెల్లగా వేసేసింది. మిగతావాళ్ళు తీయనేలేదు. నన్నెందుకు నమ్మాలి? పరీక్ష రోజు నా గదిలో ఆ పిల్లల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మొన్న ఫలితాలొచ్చాయి. బడి సగటు పెరిగిందని స్టాఫ్‌రూమ్‌లో కేకు కోశారు. నా ముక్క సాయంత్రం దాకా బల్ల మీదే ఉంది, క్రీము కాగితపు ప్లేటులోకి కారిపోతూ.