బొంత నడిమి పొర

ఎదురింటి పెద్దమ్మ పోయిందన్న కబురు మొన్న బుధవారం ధాన్యం బండితో పాటు వచ్చింది. మా ఆమదాలవలస మిల్లుకి వడ్లు తోలుకొచ్చిన శ్రీముఖలింగం ఊరి రైతు మా గుమ్మం ముందు బండి ఆపి, నాలుగు రోజుల క్రితం వాళ్ళ ఊళ్ళో ఆవిడ తమ్ముడి ఇంట్లోనే కన్నుమూసిందని, చివరి వరకూ తెలివిలోనే ఉందని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆవిడ నాకు చుట్టం కాదు. అరవై ఆరులో నేను ఈ వీధికి కాపురానికి వచ్చినప్పుడు అందరూ పెద్దమ్మ అంటుంటే నేనూ అన్నాను. పొరుగింటి ముసలమ్మ గురించి రాయడానికి ఏముంటుందని మీరు అనుకోవచ్చు. మా వీధిలో పాకే పిల్లలందరి కిందా ఉన్నది ఆవిడ కుట్టిన బొంతే. అందుకని రాస్తున్నాను.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏది చూసినా ఎందుకని అడగాలి. విజయనగరంలో సంగీతం చెప్పే మా నాన్నగారు అపశ్రుతుల కంటే నా ప్రశ్నలకే ఎక్కువ విసుక్కునేవారు. పెద్దమ్మ విసుక్కోలేదు. అరుగు మీద పాత కోక పరిచి, నీళ్ళు చిలకరించి, అరచేత్తో ముడతలు తీస్తుంటే పక్కన చేరి అడిగేదాన్ని. నీళ్ళెందుకు? పొరలు ఒకదాన్నొకటి అంటుకుని జారకుండా. దారం కొనకుండా కోక అంచులోంచి నూలు పీకడమెందుకు? కొత్త దారం నలిగిన గుడ్డని కోసేస్తుంది. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి రావడమెందుకు? దీనికి మాత్రం "మాయమ్మ అలగే కుట్టీది" అంది. తెలియదని ఒప్పుకునే పెద్దవాళ్ళని నేను అంతకు ముందు పెద్దగా చూడలేదు. నాకు "ఎందుకమ్మ" అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

ఉత్త సరదాకి నేర్చుకోలేదు లెండి. కాపురానికి వచ్చిన ఏడాదికే నాకు అయిదో నెల కడుపు పోయింది. మళ్ళీ నెల తప్పాక, భయంతో చేతులు ఊరుకునేవి కావు. బొంత కుట్టుకుంటానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. బిడ్డ భూమ్మీద పడకుండా బొంత కుట్టకూడదు, ఒకసారి అయింది చాలు అన్నారు. దానికి పెద్దమ్మే దారి చూపింది. నీ పిల్లకి కుట్టకు, ఊళ్ళో పుట్టిన పిల్లలకి కుట్టు, ఆ లోగా చెయ్యి తిరుగుతుంది అంది.

మొదటి బొంత రైలు గేటు దగ్గర కాపలా ఉండే అతని మనవడికి కుట్టాను. ఆవిడకి చూపించకుండా, ఒక్కదాన్నే. మా పుట్టింట్లో గంజి పెట్టని చీర కట్టడమంటే తల దువ్వుకోకుండా పేరంటానికి వెళ్ళడమే. ఆ గంజి చీరలనే మూడు పొరలు వేశాను. కుట్లు గీత గీసినట్టు వచ్చాయి, బొంత అప్పడంలా నిలబడింది. పొంగిపోయి తీసుకెళ్ళి ఇచ్చేశాను. పిల్లవాడు తడిపిన కొద్దీ గంజి నాని, పులిసి, మూడో రోజుకి చీమలు బారులు తీరాయి. వాడి తొడల మీద దద్దుర్లు చూసి నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ బొంత వెనక్కి తెచ్చి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, నా చేతే మూడుసార్లు పిండించింది. ఆరాక మోచేతి లోపలి చర్మానికి రుద్దుకుని చూసింది. ఏ బొంతైనా అలా చూశాకే ఇచ్చేదట. "కంటికి కుట్టినావమ్మా. ఒంటికి కుట్టాల" అంది. ఆ మాట నాకు చాలా పనుల్లో అక్కరకొచ్చింది.

నన్ను తొలిచిన ప్రశ్న ఇంకొకటుంది. బొంతలకి పెద్దమ్మ కోకలు ఇంటింటికీ వెళ్ళి అడిగి తెచ్చేది, అదీ పిల్లలు నిలిచిన ఇళ్ళ నుంచే. తన పెట్టెలో మెత్తగా నలిగినవి అయిదారున్నా ఒక్క ముక్క కూడా ఎప్పుడూ వేయలేదు. అడిగితే మాట మార్చేది. చివరికి వీధిలోవాళ్ళు చెప్పారు, ముగ్గురిని కని ముగ్గురినీ ఏడాది నిండకుండానే పోగొట్టుకుందని.

పోయినేడు వేసవిలో మా పాప పుట్టింది. పురిటి మైల తీరాక బొంతకి కూర్చుంటూ పెద్దమ్మని ఒక కోక అడిగాను.

"నా కోక ఒద్దమ్మా. నా పిల్లలు నిలబడనేదు" అంది.

నాకు కోపం వచ్చింది. వీధి పిల్లలందరికీ నీ చెయ్యి పనికొచ్చి, నీ కోక పనికిరాకపోవడమేమిటని అడిగేశాను. ఆవిడ చేతిలో సూది నా ముందు పెట్టి, లేచి వెళ్ళిపోయింది. హద్దు మీరానని రెండు రోజులు ఎదురింటి వైపు చూడలేకపోయాను. మూడో రోజు మధ్యాహ్నం, మా అత్తగారు ఇంట్లో లేని సమయం చూసుకుని, చంకలో ఒక ఆకుపచ్చ కోక పెట్టుకుని వచ్చింది.

"నడిమి పొరలో ఎయ్యి. పైకి అగుపడకూడదు. మీ అత్తకి సెప్పకు" అంది.

ఇద్దరం కలిసి కుట్టాం. నాకు భయం వేయలేదంటే అబద్ధం. పాపకి మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆ బొంత వంక చూశాను. ఆ చూపుకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. జ్వరం ఉన్న మూడు రోజులూ పెద్దమ్మ మా గుమ్మం తొక్కలేదు. జ్వరం తగ్గి పాప నవ్విందని విన్నాకే వచ్చి, బిడ్డని తాకకుండా దూరం నుంచే చూసి వెళ్ళింది. ఈ మధ్య ఆయాసం ఎక్కువై తమ్ముడింటికి వెళ్ళేటప్పుడు మాత్రం పాపని ఎత్తుకుని చాలాసేపు దింపలేదు.

కబురు వచ్చిన రోజు మా అత్తగారికి సంగతి చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆవిడ బొంత తెప్పించుకుని ఒళ్ళో పరుచుకున్నారు. ఉతికి ఉతికి పైపొర ఒకచోట చిరిగి, లోపలి ఆకుపచ్చ బయటపడుతోంది. పెద్దమ్మకి ఇచ్చిన మాట ప్రకారం అతుకు వేద్దామని సూదిలో నూలు ఎక్కించాను. అత్తగారు బొంత నా చేతికివ్వలేదు.

"ఒగ్గీ, కుట్టకు. అగుపడనీ" అన్నారు.

పాప ఆవిడ ఒళ్ళోకి ఎక్కి, ఆ చిరుగులో వేలు దూర్చి, దాన్ని ఇంకాస్త పెద్దది చేసింది.