వాసన లేని పూలు

సీమంతానికి పేరంటాళ్ళు రావడం ఎక్కడైనా ఉన్నదే. మా ఆవిడ సీమంతానికి పేరంటాళ్ళతో పాటు ఊళ్ళో పిల్లులన్నీ వచ్చాయి. వాటిని పిలిచిన ఘనుణ్ణి నేనే. బొట్టు పెట్టి పిలవలేదు గానీ అంతకంటే గట్టిగానే పిలిచాను. ఆ కథ ఇన్నాళ్ళూ మా అత్తగారి వైపువాళ్ళు చెప్పుకుని నవ్వుతున్నారు. వాళ్ళు చెప్పిన ప్రతిసారీ పిల్లులు నాలుగు పెరుగుతున్నాయి. అవి ఎలుగుబంట్లు కాకముందే నేనే చెప్పేస్తే మంచిదని కూర్చున్నాను.

ముందు నా ఉద్యోగం గురించి ఒక ముక్క. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్ నాది. లోపలికొచ్చే ప్రతి డబ్బా మీద లేబుల్ చదివి, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టడం నా పని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

మా అత్తగారి ఊరు తోటపల్లి గూడూరు దగ్గర. మా మామ పెంచలయ్యకు రొయ్యల గుంటలున్నాయి. ఆ ఊళ్ళో గాలి వీచినా రొయ్యల వాసనే, వాన పడినా రొయ్యల వాసనే. పెళ్ళైన కొత్తలో చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది. ఆ అలవాటే నా కొంప ముంచింది.

మా ఆవిడ లావణ్య నెల తప్పినప్పటి నుంచి ఆమెకి వాసనలతో యుద్ధం మొదలైంది. సబ్బు పడదు, సాంబ్రాణి పడదు. నేను ముచ్చటపడి సెంటు కొట్టుకుని దగ్గరికెళితే నేనూ పడను. మల్లెపూలమ్మే ఆమె వీధిలో కేకేస్తే చాలు, ఈమె ఇంట్లో బక్కెట్టు కోసం పరిగెత్తేది. నోటికి ఏదీ సయించక మనిషి చిక్కి సగమైంది. చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ ముందు బరువు చూసే మిషన్ వంక, తర్వాత నా వంక చూసేది. లావణ్య తిండి కూడా నేనే తినేస్తున్నట్టు ఉండేది ఆ చూపు.

పుట్టింటికి తీసుకొచ్చాక మా అత్త ఇంకో అడుగు ముందుకేసింది. "పూలవాసనే పడని పిల్లకి నీచు వాసన పడతాదా?" అని తనే ప్రశ్న వేసుకుని, తనే జవాబు చెప్పుకుని, ఇంట్లో చేప అన్నది లేకుండా చేసింది. ఎండుచేపల డబ్బా కూడా పక్కింటికి వెళ్ళిపోయింది. గుంటల నిండా రొయ్యలు పెట్టుకుని మా మామ పొద్దున బీరకాయ, రాత్రి సొరకాయ తిన్నాడు. "కూతురి కోసం అల్లుడూ, తప్పదు" అనేవాడు, కంచం వంక చూడకుండా.

ఏడో నెలలో సీమంతం పెట్టుకున్నారు. సీమంతమంటే ఇంకేముంది, పూలే. జడకి పూలు, కుర్చీకి పూలు. ఈ మధ్య కుర్చీ వెనకాల గుండ్రటి పూలచక్రం ఒకటి పెట్టి, ఫోటోలన్నీ దాని ముందే తీస్తున్నారు కదా, దానికి బుట్టలు బుట్టలు పూలు. అత్త పూలాయనకి ఫోన్ చేయబోతుంటే లావణ్య ఏడ్చేసింది.

"అమ్మా, ఆ పూల మధ్యన నన్ను కూర్చోబెడితే అందరి ముందరా వాంతి చేసుకుంటా. నాకీ సీమంతమే వద్దు."

"పూలు లేని సీమంతం యాడన్నా ఉండాదా మే? వొచ్చినోళ్ళు ఏమనుకుంటారు?"

సరిగ్గా అక్కడ నేను నోరు తెరిచాను. "అత్తా, పూలాయన వద్దు. నేను చేస్తా, కాగితంతో. చూసేదానికి పూలే, వాసన మాత్రం రవ్వంత కూడా ఉండదు."

అల్లుడి మాటకి ఆ ఇంట్లో ఎదురు లేదు. ఇది మీకు బాగా అర్థం కావాలి. ఒకసారి నేను చూసుకోక మెట్టు తట్టుకుని పడితే, మా మామ మేస్త్రీని పిలిపించి ఆ మెట్టే కొట్టించేశాడు. అలాంటి ఇల్లది. అత్త వెంటనే ఫోన్ పక్కన పెట్టేసింది.

ఒక్క లావణ్యే అడిగింది. "నీకు కాగితప్పడవ చేసేదన్నా వొచ్చా?"

"ఫోన్లో చూసి నేర్చుకుంటా."

"వాసన రాదు గదా?"

"కాగితానికి వాసనేంది లావణ్యా! నాదీ పూచీ."

ఆమె నా చెయ్యి పట్టుకుని, "నేను అందరి ముందరా పరువు పోకండా కూర్చోవాల. నీ మీదే ఆశ పెట్టుకోనుండా" అంది. ఆ మాటతో నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తెలివి కూడా కాస్త పెరిగుంటే బాగుండేది.

నెల్లూరు వెళ్ళి రంగురంగుల ముడత కాగితం తెచ్చాను. ఫోన్లో ఒకావిడ కాగితాన్ని రేకలుగా కత్తిరించి, పెన్సిల్‌కి చుట్టి, అంచులు సాగదీసి, మాట్లాడుతూ మాట్లాడుతూనే గులాబీ చేసి పారేసింది. నేను ఒక పూటంతా మాట్లాడకుండా కూర్చుని ఒకటి చేశాను. తీసుకెళ్ళి లావణ్యకి చూపిస్తే, "క్యాబేజీ బాగుండాది" అంది. అత్తకి చూపించాను.

"అబ్బా! ఎంత బాగుండాది అల్లుడూ. అచ్చం పువ్వే!"

"ఏం పువ్వత్తా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. "మీ దిక్కున పూస్తాదే, ఆ పువ్వు" అంది.

మా దిక్కు నెల్లూరు. అక్కణ్ణుంచి ఆ ఊరు ఎంత దూరమని! అయినా అల్లుడు చేసిన పువ్వుకి పేరు లేదంటే మర్యాద కాదని ఆమె ఉద్దేశం.

రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి గుంటలోకి దించే గుండ్రటి ఇనప చట్రం ఒకటుంటుంది. అలాంటి పాతది షెడ్డులో పడి ఉంటే వల ఊడదీసి, శుభ్రంగా కడిగి, గుడ్డ చుట్టాను. చక్రం సిద్ధం. మైదా పిండి ఉడకబెట్టి, ఆ బంకతో పూలన్నీ అతికించి, పొద్దున వచ్చి చూద్దును కదా, సముద్రపు తేమకి బంక నీరుగారిపోయి పూలన్నీ నేలమీద ఉన్నాయి. కొన్నిటి మీద చీమలు కూడా సీమంతం చేసుకుంటున్నాయి. వేడుక ఇంక ఒక్క రోజులో పడింది.

"మామా, తేమకి ఊడిపోని బంక ఏదన్నా ఉండాదా?" అని అడిగాను.

"నీళ్ళలో ఏసినా ఊడనిది, సరిపోతాదా?" అన్నాడాయన.

"నీళ్ళలోనా! అంతకంటే ఏం కావాల మామా?"

"షెడ్డులో నీలం డబ్బా ఉండాది. మేతకి మందుపొడి పట్టించే జిగురు. కావాల్సినంత తీసుకోండి."

డబ్బా దొరికింది. దాని మీద ఒక రొయ్య బొమ్మ, మీసాలు పైకెత్తి నవ్వుతోంది. ఎందుకు నవ్వుతోందో నేను ఆలోచించలేదు. "గట్టిగా పట్టును" అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఏదో ఉంది. వారమంతా ఫ్యాక్టరీలో చదివే లేబుళ్ళు చాలవా, సెలవు పెట్టుకొచ్చి కూడా చదవాలా అని మూత తీసేశాను.

మరి వాసన తెలియలేదా అని మీరు అడుగుతారు. తెలిసింది. చుట్టూ మేత బస్తాలు పెట్టుకుని షెడ్డులో కూర్చుంటే షెడ్డు వాసన రాక ఇంకేమొస్తుంది అనుకున్నాను. కాసేపటికి అదీ తెలియడం మానేసింది. పువ్వు పువ్వుకీ అడుగున పూసి, రేక రేకకీ మధ్యన పూసి, ఎందుకైనా మంచిదని పైన కూడా ఒక పూత వేశాను. మెరుపొస్తుందని. లావణ్య ముందే చూడకూడదని అక్కడే దుప్పటి కప్పి ఉంచాను.

మర్నాడు పొద్దున నేనూ, మామా చెరోవైపు పట్టుకుని చక్రాన్ని హాల్లోకి తెచ్చాం. దారిలో ఆయన ముఖంలో ఒక వింత వెలుగు చూశాను. కళ్ళు సగం మూసుకుని గాఢంగా ఊపిరి పీల్చుకుంటున్నాడు. నా పనితనానికి మురిసిపోతున్నాడనుకున్నాను. గోడకి తగిలించాక అత్త వచ్చింది. చక్రం చూసింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఎట్టుంది అత్తా?"

"శానా... శానా గట్టిగా ఉండాది అల్లుడూ."

పేరంటాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. లోపలికి అడుగుపెట్టిన ప్రతి ఆవిడా ముందు తన కాలు ఎత్తి అరిపాదం చూసుకునేది, దారిలో ఏదైనా తొక్కానేమోనని. అత్త చెల్లెలు మాత్రం ఉండబట్టలేక, "ఏందక్కా, ఈ నీచు..." అంది. అత్త ఆమె చెయ్యి గిల్లి, "అల్లుడు చేసినాడు" అంది.

"ఆహా! అదే చెప్పబోతా ఉండా. ఎంత బాగుండాయి పూలు!" అందామె, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా.

మొదటి పిల్లి వచ్చి బుద్ధిగా కుర్చీ పక్కన కూర్చుంది. ముద్దుగా ఉందే అనుకున్నాను. రెండోది కిటికీలోకి ఎక్కింది. తర్వాత గుమ్మంలోంచి చెవి చిరిగిన గండుపిల్లి ఒకటి, దాని వెనకాల దాని సంసారమంతా వచ్చాయి. అన్నీ వరసగా కూర్చుని చక్రం వైపు తలెత్తి చూస్తున్నాయి. మనుషుల కంటే పిల్లులకే కళాదృష్టి ఎక్కువని నాకు అనిపించింది. నిజంగా అనిపించింది, అబద్ధమెందుకు.

లావణ్యని పట్టుచీర కట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. గాజులు తొడగడం మొదలైంది. చక్రం సరిగ్గా ఆమె తల వెనకాల ఉంది. ఆమె ముఖం ఎలాగో అయిపోవడం చూశాను. కళ్ళు మూసుకుంది. ఊపిరి బిగబట్టినట్టుంది.

అప్పుడే నెల్లూరు నుంచి మా అమ్మ దిగింది. ఈ ఇంటి అల్లుడి మర్యాదలు ఆమెకి వర్తించవు. చెప్పులైనా విడవకుండా గుమ్మంలోంచే కేకేసింది.

"ఏందిరా ఈ కంపు? సీమంతం నాడు ఎండుచేపలు ఎవరు ఆరబెట్టినారు?"

అందరూ కూడబలుక్కున్నట్టు నా పూలచక్రం వైపు చూశారు. పిల్లులు ఎప్పట్నుంచో అటే చూస్తున్నాయి.

అంతలో గండుపిల్లి ఎగిరింది. చక్రానికి వేలాడి, నా గులాబీ ఒకటి నోట కరుచుకుని, చక్రంతో సహా కింద పడింది. ఇంక మిగతావాటికి మొహమాటం పోయింది. తలా ఒక పువ్వు పట్టుకుని గాజుల పళ్ళెం మీదుగా ఒకటి, పేరంటాళ్ళ ఒళ్ళోంచి ఒకటి, చలిమిడి తొక్కుకుంటూ ఒకటి పరుగెత్తాయి. నా పూచీ, నా క్యాబేజీలు, నా రెండంగుళాల ఛాతీ, అన్నీ వీధిలో పడ్డాయి.

"మామా, ఆ జిగురులో ఏముంది?" అన్నాను.

"చేపనూనె. వాసన పట్టుకుని రొయ్యలు మేత దెగ్గిరికి రావాల గదా."

"ముందే చెప్పకూడదా!"

"అల్లుడు అడిగినాడు, ఇచ్చినా. ఎందుకని అడిగితే మర్యాదా?"

నాకు లావణ్య గుర్తొచ్చింది. ఒక్క రవ్వ వాసన ఉండదని మాటిచ్చి, చేపనూనె తీసుకొచ్చి తల వెనకాల తగిలించాను. సిగ్గుతో చచ్చిపోతూ బక్కెట్టు తీసుకుని పరిగెత్తాను. ఆమె ఇంకా కళ్ళు మూసుకునే ఉంది.

"లావణ్యా, వొస్తా ఉందా?"

"ఏంది?"

"వాంతి."

ఆమె కళ్ళు తెరిచింది. "వాంతీ లేదు, ఏం లేదు. ఆకలేస్తా ఉంది."

ఆ మాట విని ఆ ఇంట్లో ఎన్ని నెలలైందో! అత్త చేతిలో హారతి పళ్ళెం అలాగే ఆగిపోయింది. లావణ్య ఆమె వైపు తిరిగి, "అమ్మా, నాకు చేపల పులుసు కావాల. ఈ పూటే కావాల. ఎవురన్నా ఒకసారి చేప వండుంటే నేను అన్నం తినేదాన్ని గదా! ఇప్పుడు వాసన చూసినాక తెలస్తా ఉంది" అంది.

"ఈ పూటా? సీమంతం నాడు నీచా?" అత్త బిక్కమొహం వేసింది.

మా అమ్మే తేల్చింది. "కడుపుతో ఉండే పిల్ల నోరు తెరిచి అడిగితే దానికి నాడూ, పొద్దూ ఏంది? గబగబా అక్షింతలేసి పొయ్యి అంటించండి. మీ ఆయన్ని చేపలకి పంపించమ్మా."

మామని పంపించే పని లేకపోయింది. బయట ఆయన బండి స్టార్టయిన చప్పుడు అప్పటికే వినిపించింది.

ఆ మధ్యాహ్నం పిల్లులు మిగిల్చిన చక్రం పక్కనే లావణ్య కూర్చుని, మారు పెట్టించుకుని మరీ తిన్నది. అత్త వంటింట్లోకెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. మామ మాత్రం తలెత్తలేదు, ఆయన కంచంలో ఆయన పడి ఉన్నాడు. ఆ తర్వాత ఆమెకి అన్నం సయించని రోజు లేదు. డాక్టరమ్మ మిషన్ చూసి, "ఏం వాడారు?" అనడిగితే, "పూలు పెట్టామండీ" అన్నాను.

ఫోటోలన్నిట్లో పిల్లులున్నాయి. నా గులాబీ స్పష్టంగా పడింది ఒక్కదాంట్లోనే, అదీ గండుపిల్లి నోట్లో.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, ఇప్పుడు బడికి వెళుతున్న మా అమ్మాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చిన్న అక్షరాలు చదవకుండా ఏ డబ్బా మూతా తీయను. కాగితంతో పువ్వు మాట అటుంచి, పొట్లం కూడా కట్టను. నా వల్ల ఏ శుభకార్యంలోనూ ఏ పిల్లీ ఆశపడదు.

ఈ ప్రమాణానికి నేను కట్టుబడి ఉండేవాణ్ణే. కానీ నిన్న సాయంత్రం వస్తూ వస్తూ మల్లెపూలు తెచ్చాను. లావణ్య పొట్లం విప్పబోయి, ముక్కు మూసుకుని, గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా నవ్వింది.

"మా నాయనకి ఫోన్ చెయ్యి. ఆ నీలం డబ్బా ఇంకా ఉండాదేమో కనుక్కో" అంది.