కోడలొచ్చాక వేడెక్కిన కంప్యూటరు

2023 ఎండాకాలం. అనంతపురంలో నా కంప్యూటర్ దుకాణానికి ఇన్నేళ్ళలో వచ్చిన రిపేర్లు చాలావరకు మరచిపోయాను. సోమందేపల్లె మధు తెచ్చిన కేసు మాత్రం మరచిపోలేదు. ఆ కేసులో వేడెక్కింది కంప్యూటర్ ఒక్కటే కాదు.

మధు బెంగళూరు బిల్డర్లకు, కట్టబోయే ఇళ్ళ 3డి బొమ్మలు ఇంట్లోనే కూర్చుని చేసిపెట్టే కుర్రాడు. పని అయ్యాక స్నేహితులతో గేములు ఆడతాడు. రెండింటికీ ఒకటే కంప్యూటర్. భాగాలు ఏరి తెచ్చుకుని తన చేత్తోనే బిగించుకున్నాడు. అందులో రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టాడు. తెర మీద కనిపించే బొమ్మను లెక్కగట్టి తయారుచేసేది గ్రాఫిక్స్ కార్డు. ఇప్పటి గేములకు ఒక కార్డు చాలు. కానీ రెండరింగ్‌కు, అంటే గీసిన ఇంటికి వెలుగునీడలన్నీ కలిపి అసలు ఫొటోలా తయారుచేసే పనికి, రెండు కార్డులుంటే సమయం బాగా కలిసొస్తుంది. అయితే కార్డుకు కార్డు తోడైనట్టే వేడికి వేడి తోడవుతుంది. ఆ వేడిని బయటికి పంపే దారి ఆలోచించకుండా రెండో కార్డు కొనకూడదని మా వృత్తిలో అందరికీ తెలుసు. కొనేవాళ్ళకు తెలియదు.

రెండరింగ్ మొదలైన కాసేపటికి ఫ్యాన్లు హోరెత్తి, కంప్యూటర్ టక్కున ఆరిపోతోందని మధు దాన్ని కారులో వేసుకొచ్చాడు. పగలంతా నడిపి చూశాను. ఆగలేదు. దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చాను. చిప్పు వేడిని పైనున్న లోహపు రెక్కలకు దాటించే మెత్తటి పూత అది. ఇంటికి తీసుకెళ్ళిన రోజే మళ్ళీ ఆరిపోయింది. మళ్ళీ తెచ్చాడు. నా బల్ల మీద మళ్ళీ చక్కగా నడిచింది.

"దీనికి నీ అంగడే నచ్చినట్లుండాది బాషన్నా" అన్నాడు మధు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్తా, కోప్పడొద్దు. మా యమ్మ వేరే మాదిరి అంటాండాది. సుజాత కాలు పెట్టినప్పటి నుంచే ఇట్లయిందంట."

సుజాత అతని భార్య. మాఘంలో పెళ్ళయింది. అంతకుముందు ఏడాదికి పైగా ఒక్కసారి కూడా ఆగని కంప్యూటర్, పెళ్ళయిన వారం నుంచి ఆగుతోంది.

"నువ్వేమన్నావు?"

"నేనేమంటానన్నా? పనులు ఆలస్యమైపోయి బిల్డర్లు తిడతాండారు. ఆదివారం సుజాత వాళ్ళన్న వస్తాండాడు, వాళ్ళ ఊరు తనకల్లుకు పిల్చుకపోయేకి. కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండనీ అని అమ్మే ఫోన్ చేసింది."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు?"

మధు లేచి కంప్యూటర్ వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. మా నాయన నన్ను చిన్నప్పుడు హేతువాదుల చర్చా సభలకు వెంటబెట్టుకు తిరిగినవాడు. నా మెడలో తావీజు కట్టనివ్వలేదని మా అమ్మ ఆయనతో పోట్లాడిన ఇంట్లో పెరిగాను. కాకి వాలినప్పుడే తాటిపండు రాలితే, కాకే రాల్చిందని దాన్ని కొట్టే లోకం మనది. పైగా ఆ కాకి ఎప్పుడూ కొత్తగా వచ్చిన ఆడపిల్లే అవుతుంది. అల్లుడు అడుగుపెట్టాక బోరు ఎండిపోతే ఆ అల్లుడి కాలును ఎవరూ తప్పుపట్టరు. ఆదివారం నేనే వస్తానని మధుతో చెప్పాను.

హైవే మీద గంటన్నర ప్రయాణం. వాకిట్లోకి వెళ్ళేసరికి సర్దిన బ్యాగు గుమ్మం పక్కనే ఉంది. మధు తల్లి ఈశ్వరమ్మ ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చింది. భర్త పోయాక వర్షాన్నే నమ్ముకుని శనక్కాయ పండిస్తూ కొడుకును చదివించిన మనిషి. ఆమెను మూర్ఖురాలని అనుకుని వచ్చాను. ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక అలా అనుకోవడం కష్టమైంది.

"నువ్వే చెప్పప్పా బాషా. నీ అంగట్లో నడుస్తాది. మా ఇంట్లో నిలిచిపోతాది. అంటే తప్పు మిషన్‌లో లేదు, మా ఇంట్లో ఉండాది. మా ఇంట్లో కొత్తగా వచ్చిందేమి? నేనేమన్నా గుడ్డిదాన్నా?"

చివరి మెట్టు తప్ప ఆమె తర్కంలో వంక పెట్టడానికి లేదు. మెకానిక్కులు కూడా అలాగే ఆలోచిస్తారు. అక్కడ నడిచి ఇక్కడ ఆగితే, అక్కడికీ ఇక్కడికీ తేడా వెతకాలి. ఆమె వెతికింది. మొదట కనిపించిన దగ్గరే ఆగిపోయింది, అంతే.

"కంప్యూటర్ ఎక్కడుందమ్మా?"

పడకగదిలో గోడ అలమార చూపించింది. చెక్క తలుపులు మూసి ఉన్నాయి. పిడికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. మానిటర్ వైరు తలుపు సందులోంచి బయటికి వచ్చింది.

"ముందర హాల్లో కిటికీ కాడ ఉండె. పెండ్లికి వచ్చినోళ్ళంతా దాని రంగు దీపాలు చూసి నోరు తెరిచినారు. దిష్టి తగుల్తాదని నేనే ఈడ పెట్టించి తలుపేసినా."

తలుపు తీశాను. ఇడ్లీ గిన్నె మూత తీసినట్టు సెగ మొహానికి కొట్టింది. మధు పొద్దున కాసేపు నడిపి ఆపాడట. ఆ వేడి ఇంకా లోపలే ఉంది.

కంప్యూటర్ పక్క పలక తీసి చూశాను. రెండు కార్డులూ ఒకదానికొకటి ఆనుకున్నంత దగ్గరగా ఉన్నాయి. ఈ రకం కార్డుల ఫ్యాన్లు కిందివైపు నుంచి గాలి పీల్చి, వేడిని డబ్బా లోపలే చుట్టూ వదులుతాయి. కింది కార్డు వదిలిన సెగనే పై కార్డు పీల్చాలి. కిక్కిరిసిన బస్సులో ముందువాడు వదిలిన ఊపిరి మనం పీల్చినట్టు. హాల్లో ఉన్నప్పుడు మధు పక్క పలక తీసేసి నడిపేవాడట. నేనూ దుకాణంలో ఏ కంప్యూటర్‌నైనా పలక తీసే పరీక్షిస్తాను. అందుకే నా దగ్గర జబ్బు బయటపడలేదు. పెళ్ళిలో పిల్లలు చేతులు పెడతారని పలక బిగించారు, ఆపైన అలమారలో పెట్టి తలుపు మూశారు. పలకకు పలక, తలుపుకు తలుపు.

ఇదంతా చెప్పాను. ఈశ్వరమ్మ కదల్లేదు. "వేడి మాకు కొత్తనా అప్పా? పోయినేడు కూడా ఇవే ఎండలు. అప్పుడు నిలిచిందా?"

నేను ఆవేశంలో, "అయితే పరీక్ష పెడదాం. దీన్ని హాల్లోకి తెస్తాను. సుజాత దీని ముందే కూర్చుంటుంది. ఆగకపోతే ఒప్పుకుంటారా?" అన్నాను.

"నేను కూర్చోనన్నా."

వంటింటి గుమ్మంలో సుజాత నిలబడి ఉంది. అప్పటిదాకా ఆమె గొంతు వినలేదు.

"నడిస్తే ఈ పొద్దుకు నా కాలు మంచిది. రేపు కరెంటు పోయి నిలిస్తే మళ్ళీ చెడ్డది. మిషన్‌కు పెట్టాల్సిన పరీక్ష నాకు పెడ్తారా?" చెంగుకు చేతులు తుడుచుకుని అంది: "అది అలమారలోనే ఉండనీ, తలుపు వేసే ఉండనీ. నేను ఇంట్లోనే ఉండను, పక్కింటికి పోతా. మీరు కూర్చోండత్తా దాని ముందర."

మధు తలెత్తి ఆమెను చూశాడు. ఈశ్వరమ్మ నాకేసి చూసింది. "కూర్చుంటా. నాకేం భయం?" అని చీర సర్దుకుని కుర్చీలో కూర్చుంది.

సుజాత వెళ్ళిపోయింది. పలక బిగించి, తలుపులు మూసి రెండరింగ్ మొదలుపెట్టించాను. తెర మీద ఒక మూల కార్డుల వేడి అంకెల్లో కనిపిస్తుంది. ఈశ్వరమ్మకు అది చూపించాను. కింది కార్డు నిదానంగా ఎక్కుతోంది, పైది పరుగు తీస్తోంది. "పైదానికేమొచ్చిందప్పా అంత తొందర?" అంది. పైది తొంభై డిగ్రీలు దాటింది. అలమారలోంచి పిండిమర హోరు. తర్వాత టక్కుమని తెర నల్లబడింది. హోరు ఆగింది.

ఈశ్వరమ్మ ఆ నల్లటి తెరను వేలితో తట్టి చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఏమప్పా, ఇంగ నన్ను యాడికి పంపిస్తావు?"

 నాకు మా నాయన సభల్లో కూడా ఇంత నిజాయితీగా ఓటమి ఒప్పుకున్న మనిషిని చూసిన గుర్తు లేదు.

ఆమె లేచి, తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసింది. "అంటే పచ్చి శనక్కాయ కుప్పేసి టార్పాలు కప్పినట్లు. మీద సల్లగానే ఉంటాది, లోపల ఉడికిపోతాది."

"అంతేనమ్మా."

"ఈ మాట ముందే చెప్పకూడదా? పీల్చేది, వదిలేది అని ఏందేందో చెప్తివి."

కంప్యూటర్‌ను హాల్లో కిటికీ దగ్గరికి మార్చాం. మదర్‌బోర్డులో అన్నిటికన్నా కింద ఇంకో స్లాట్, అంటే కార్డు గుచ్చే గాడి, ఖాళీగా ఉంది. రెండో కార్డును అందులోకి దించి మధ్యలో ఖాళీ వదిలాను. ముందు వైపు గాజు పలక తీసి వెంట తెచ్చుకున్న జాలీ బిగించి, దాని వెనక చల్లగాలి లోపలికి తెచ్చే ఫ్యాన్లు, వెనకా పైనా వేడిని బయటికి నెట్టే ఫ్యాన్లు పెట్టాను. అనంతపురం దుమ్ముకు జాలీ మీద ఫిల్టర్ తప్పదు. దాన్ని వారం వారం దులపమన్నాను. కార్డులు తీసుకునే కరెంటుకు కాస్త తక్కువలో హద్దు పెట్టాను. పవర్ లిమిట్ అంటాం. వేగం తగ్గినట్టే తెలియదు, వేడి మాత్రం బాగా దిగుతుంది. ఈసారి పలక బిగించే నడిపాను. సాయంత్రం దాకా ఆగలేదు. ఈశ్వరమ్మ నిమ్మకాయను తెచ్చి కిటికీకి కట్టింది. నేనేమీ అనలేదు. అది గాలికి అడ్డం కాదు.

సుజాత అన్న బండి దిగేసరికి ఈశ్వరమ్మే ఎదురెళ్ళింది. "అన్నం తిని పో అప్పా. మీ చెల్లెలు రాదు."

"పోయొస్తానత్తా" అంది అప్పటికే పక్కింటి నుంచి తిరిగొచ్చిన సుజాత. బ్యాగు తనే తీసుకుంది. "నాలుగు దినాలు మా యమ్మను చూసొస్తా. మీరు పంపిస్తే పోయేది వేరే, నాకై నేను పోయేది వేరే."

 ఈశ్వరమ్మ లోపలికెళ్ళి శనక్కాయ ఉండల డబ్బా తెచ్చి ఆ బ్యాగులో పెట్టింది. "నాలుగు దినాలే" అంది. సుజాత ఆ వారంలోనే తిరిగొచ్చిందని మధు ఫోన్‌లో చెప్పాడు.

మూఢనమ్మకాన్ని ఓడించాలనే ఆవేశంలో నేను కూడా ఆ అమ్మాయినే బల్ల మీద పెట్టి పరీక్షించబోయాను. ఆమె వద్దన్నది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి "ఫలానా రోజు నుంచే ఇట్లయితాండాది" అంటే నేను నవ్వను. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. ఆ రోజు ఏం కదిలించారు, ఏం మూశారు, ఏం కప్పారు అని అడుగుతాను. వాళ్ళు ఎవరైనా మనిషి పేరు ఎత్తబోతే మాత్రం అక్కడే ఆపి, వస్తువుల పేర్లు చెప్పమంటాను.