మేస్త్రి నమ్మిన అడుగులు

మేస్త్రి పోయారని ఆయన కోడలు ఫోన్ చేసినప్పుడు నేను మైదానంలో బంతులు ఏరుతున్నాను. బుట్ట అక్కడే దించి చిత్తూరు బస్సెక్కాను. ఆస్పత్రి వరండాలో ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"గుండె శానా నెలల నుంచే బలహీనపడతా ఉన్నిందంటన్నా. మనిషిలో సత్తువ తగ్గేది ఎవురూ గమనించలేదా అని డాక్టరు అడిగినాడు," అంది.

గమనించినవాణ్ని నేనే. దాచినవాణ్ని కూడా నేనే. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మైదానంవాళ్లు అడిగారు. ఆ సంగతి వదిలేసి రాస్తే ఇది ఇంకో అబద్ధమవుతుంది.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెబుతాను. బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన ఒక మామిడితోట కొట్టేసి గోల్ఫ్ నేర్చుకునే మైదానం చేశారు. ఒకచోట నిలబడి బంతిని దూరంగా కొట్టి చూసుకోవడమే, అంతకు మించి ఏమీ లేదు. బెంగళూరుకో చెన్నైకో పోయే కార్లవాళ్లు ఆగి గంటసేపు కొట్టి పోతారు. మేస్త్రి అక్కడ కర్రలు బాగుచేసేవారు. పడుచుతనంలో మద్రాసులో ఆటగాళ్ల సంచులు మోస్తూ, వాళ్లు విరగ్గొట్టిన కర్రలు అతికిస్తూ ఆ పని నేర్చుకున్నారు. అన్నిటికన్నా పొడుగ్గా, లావు తలతో ఉండి, బంతిని ఎక్కువ దూరం కొట్టే కర్రను డ్రైవర్ అంటారు. కొత్త డ్రైవర్ ఏది వచ్చినా, కొనబోయేవాళ్లు ముందు ఆయన మాట అడిగేవారు. ఆయన బాగుందంటే బాగున్నట్టే.

ఆయన పరీక్షకు ఒక పద్ధతి ఉండేది. గాలి లేవకముందే మొదలుపెట్టాలి. డ్రైవర్ ముఖాన్ని తడిగుడ్డతో తుడిచి, ఇంటినుంచి పొట్లం కట్టి తెచ్చిన ముగ్గుపిండి అద్దేవారు. బంతి తగిలినచోట గుండ్రటి మచ్చ పడుతుంది. ఒక దెబ్బ కొత్తదానితో, ఒక దెబ్బ తన పాత డ్రైవర్‌తో. పాతదాన్ని ‘సాక్షి’ అనేవారు. కొన్ని దెబ్బలు కావాలనే ముఖం అంచున తగిలేలా కొట్టేవారు.

"నడిమధ్యన తగిలితే సీపురుకట్టతో కొట్టినా పోతాది. తప్పు దెబ్బకి ఏం సేస్తాదో సూడాల," అనేవారు.

అలాగని కొత్త కర్రలంటే చిన్నచూపు లేదు. కార్బన్ ముఖం, వెనక మరతో బిగించే బరువు, మెడ దగ్గర తిప్పితే మారే వాలు, అన్నీ విప్పి చూసేవారు. బరువును ఒక అంచునుంచి ఇంకో అంచుకు మార్చి మళ్లీ కొట్టేవారు. ఎంత మెచ్చుకున్నా ఏ ఒక్కటీ తన కోసం ఉంచుకోలేదు.

బంతి మొదట నేలకు తాకిన చోట తెల్లగుడ్డ కట్టిన పుల్ల పాతి, అక్కడినుంచి ఆయన దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ రావడం నా పని. నా అడుగు సరిగ్గా గజం. తాడు పరిచి, నెలరోజులు నడిపించి, అలా నడవడం ఆయనే నేర్పారు. నేను బడికి పోలేదు. బస్సుల మీది పేర్లు చూసి అక్షరాలు పట్టుకున్నాను. ఏ రోజు సంగతి ఆ రోజు పుస్తకంలో రాసుకునే అలవాటు మాత్రం ఉంది. అది చూసి ఆయన, "ఇంగ నా కర్రల లెక్క కూడా నువ్వే రాయప్పా. నేను రాస్తే నా పక్కకే మొగ్గుతాది," అన్నారు.

ఆయనకు దూరపు చూపు ఆనేది కాదు. కొట్టగానే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి, "యాడ?" అని కేకేసేవారు. బంతి ఎక్కడ పడిందో నేను చెబితేనే ఆయనకు తెలిసేది.

పోయిన మామిడి కాపు ముగిసే రోజుల్లో సాక్షి దెబ్బ తగ్గింది. ఎప్పుడూ రెండువందల ఐదు వచ్చేది నూటతొంభై మూడు వచ్చింది. మళ్లీ నడిచి చూశాను. అంతే. ఉన్నదున్నట్టు చెప్పాను.

"పన్నెండు గజాలా?" అని ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు. ఇడ్లీ పొట్లం విప్పలేదు. రెండు రోజులు పనికి రాలేదు. మూడోరోజు వచ్చి, "నా సెయ్యి పోతే నా మాట ఎవురికి కావాలప్పా?" అన్నారు.

ఆ పొద్దు నేను లెక్కకు ఆరు అడుగులు ఎక్కువ కలిపి చెప్పాను. తర్వాత పది. తర్వాత ఇంకా ఎక్కువ. రెండు కర్రలకూ సమానంగా కలుపుతున్నాను కాబట్టి తీర్పు చెడదని నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, తీర్పు చెడలేదు.

ఒకరోజు కోడలు క్యారియర్ తీసుకుని వచ్చింది. "మిద్దెమెట్లు ఎక్కేదానికి మూడుసార్లు నిలబడతా ఉండాడన్నా మామ. ఆస్పత్రికి పోదాం రమ్మంటే ఇనడు. నువ్వన్నా సెప్పు," అంది.

"నీ సాంబారు తగ్గించు, ఆయాసం అదే తగ్గుతాది," అని మేస్త్రి నవ్వారు. ఆమె నవ్వలేదు. అప్పుడాయన నా పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టారు. "సూడమ్మా. రెండేండ్ల కిందట ఎంతో ఇప్పుడూ అంతే. గుండె బాగలేని ముసిలోడు రెండునూర్ల గజాలు కొడతాడా?"

ఆమె పుస్తకం చూసి, నావైపు తిరిగింది. "నిజమేనా అన్నా?"

నేను తల ఊపాను.

ఆయన చివరిగా చూసిన డ్రైవర్‌ను అమ్మే కుర్రాడు, దానితోపాటు దూరం కొలిచే చిన్న పెట్టె కూడా తెచ్చాడు. దాన్ని బంతి వెనక పెట్టాడు. మేస్త్రి సాక్షితో కొట్టారు. నేను నడిచి వచ్చి, "నూటతొంభై ఎనిమిది," అన్నాను.

"పెద్దాయనా, ఇది నూటఎనభై ఒకటి చూపిస్తా ఉండాది," అన్నాడు కుర్రాడు.

"నీ పెట్టె నిన్న వచ్చినాది. ఈయప్ప పదేండ్లుగా నడస్తా ఉండాడు. దానికి కాళ్లుండాయా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కుర్రాడు మొహం చిన్నబుచ్చుకుని, "ఎండకి ఏమన్నా అయిందేమోలే," అని పెట్టెను సంచిలో పెట్టేశాడు. అది పాడవలేదు. నా కాళ్లు లెక్కపెట్టిందీ నూటఎనభై ఒకటే. ఆ నవ్వుల మధ్య ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

అన్ని దెబ్బలూ అయ్యాక మేస్త్రి ముగ్గు మచ్చలు చూస్తూ తీర్పు చెప్పారు. "నడిమధ్య దెబ్బకి సాక్షి కన్నా మూడు గజాలే ఎక్కువ. ఆ మూటి కోసం కొనాల్సిన పన్లే. అంచు దెబ్బకి సాక్షి ఇరవై పోగొడితే ఇది తొమ్మిదే పోగొట్టినాది. సబ్దం బాగలే, లేత టెంకాయ మీద తట్టినట్టుండాది. అయినా తప్పు కొట్టేవోళ్లకి మంచి కట్టె. నేర్సుకునేవోళ్లకి ధైర్నంగా ఇయ్యి."

ఎడమ భుజం రుద్దుకుంటూ నీళ్లు అడిగి తాగారు. "పుస్తకంలో ఎక్కించినావా?"

"ఎక్కించినాను మేస్త్రీ."

నాలుగోరోజు ఫోన్ వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక వాళ్లింటికి వెళ్లి కోడలికి అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విని, "ఆ పొద్దు నిన్ను అడిగినాను కదన్నా," అంది. అంతే. లోపలికి పోయి మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది.

ఆరోజు తీర్పు చెప్పాక మేస్త్రి లేచి సాక్షితో ఇంకొక్క బంతి కొట్టారు. "ఇది లెక్కలోకి వద్దులే, నా కోసం," అన్నారు. నేను మైదానంలోకి వెళ్లేదాకా ఆగి, కొట్టి, చెయ్యి నుదుటికి పెట్టి, "యాడ?" అని కేకేశారు. "రెండువందల గజాల రాయి కాడ మేస్త్రీ," అని అరిచాను. ఆయన కర్ర పైకెత్తి ఊపారు.

ఆ బంతి పడినచోట పాతిన పుల్ల ఇంకా అక్కడే ఉంది. నిన్న దాన్నుంచి నడిచాను. నూటడెబ్బై నాలుగు. ఒక్క అడుగు కూడా కలపకుండా రాశాను. పుల్ల పీకడానికి చెయ్యి రాలేదు. గడ్డి కోసే మనిషి కూడా ఏమీ అడగకుండా మిషన్‌ను దాని చుట్టూ తిప్పుకుని పోతున్నాడు. మైదానమంతా నున్నగా ఉంది. పుల్ల చుట్టూ మాత్రం చాటంత మేర గడ్డి జానెడు పెరిగింది. గాలి లేచినప్పుడు అందులోంచి తెల్లగుడ్డ కనబడుతోంది.