కాల్చని గురిగి

"అమ్మ పోయింది చెల్లె" అని జగిత్యాల దవాఖాన నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేసినప్పుడు, నేను సిరిసిల్లలో మా వంటింట్లో ఉప్పు గురిగి మూత తీస్తున్నాను. ఆ మూత మా పెదనాన్న తల, మూతి ముడుచుకుని అలిగిన తల. పెద్దమ్మ చేసిందే. అది చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కుండలు కొనేవాళ్ళు లేకుండా పోయాక పెద్దమ్మ ఈ బొమ్మ గురుగులు మొదలుపెట్టింది. ఊరికే కూర్చుంటే ఆమె చేతులకు తోచదు. ఉప్పుకు పెదనాన్న, చింతపండుకు దొంగచూపుల పిల్లి, కారానికి నోరు తెరిచిన మా మేనత్త. "గా నోట్లకెల్లి కారమే గద అచ్చేది!" అని మేనత్త ఎదుటే అనేది. మేనత్త తిట్టుకుంటూనే ఇంకోటి అడిగి పట్టుకుపోయేది. పెళ్ళై కొత్త ఊరికి వచ్చిన నాకు ఆ మొహాలే తోడు. మీరు నమ్మరు గానీ, వాటితో మాట్లాడుతూనే వంట నేర్చుకున్నాను.

తలలన్నీ లోపల గుల్ల. గాలి చిక్కుకుంటే కుండలు కాల్చే ఆవంలో పగిలిపోతాయి. అందుకే మట్టి పచ్చిగా ఉన్నప్పుడే చీపురుపుల్లతో చెవిలో పొక్క పొడిచేది. "చెవులు మూసుకున్నోని తల పల్గుతది బిడ్డా" అనేది. నా పెళ్ళిలో మా ఆయనకూ అదే చెప్పింది.

తన మొహం మాత్రం ఎప్పుడూ చేసుకోలేదు. ఈ ఎండాకాలం నేనే వెంటపడి ఒప్పించాను. ముక్కుపుల్ల, సొట్టబుగ్గ, కొప్పు, అన్నీ కుదిరాయి. చెవుల దగ్గరికి వచ్చేసరికి గుండెనొప్పితో కూలబడింది.

జగిత్యాల దవాఖానలో నా చెయ్యి వదల్లేదు. "ఆరకముందే ఇంటికి తోల్కపో బిడ్డా. చెవులు పొడువలే."

"తడిగుడ్డ కప్పే అచ్చిన గదనే అమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాడు అన్న.

కప్పిన మాట నిజమే. కానీ అందరం దవాఖానలోనే ఉండిపోయాం. వడగాలికి గుడ్డ ఎండిపోతే మళ్ళీ తడిపేవాళ్ళు ఇంట్లో లేరు. డాక్టరును ఎంత బతిమాలినా కదిలించవద్దన్నాడు. నేను ఒక్క పూటకని సిరిసిల్ల వచ్చినప్పుడే ఆ ఫోన్ వచ్చింది. పెద్దమ్మ కోరుట్ల ఇంటికి శవమై వచ్చింది.

దినాలయ్యాక చూస్తే ఆ తల ఎండి గట్టిపడిపోయింది. పక్కనే అలాగే ఎండిన పిచ్చుక మూతకు పొడిచి చూశాను. చెవి నుంచి ముక్కుదాకా పగిలింది. ఇక పెద్దమ్మ తల మీదికి పుల్ల పోనివ్వలేదు.

"గిట్లనే ఆవంల పెడుదామా?" అన్నాడు అన్న.

"పల్గితే ఏంజేస్తవన్నా? మల్ల యాడికెల్లి తెస్తవ్?" అని అరిచాను. అన్న దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు.

గురిగిని నాతో తెచ్చుకున్నాను. కాల్చలేను. కాల్చకపోతే ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఉప్పు పోద్దామంటే చెమ్మ పీలుస్తుంది. వానలు పడుతున్నాయి. పొయ్యి పైన అరలో, పెదనాన్న పక్కన పెట్టాను. చేతులు కొంగుకు తుడుచుకోకుండా ముట్టను. దగ్గరికి తీసుకుని కరువుతీరా ఏడుద్దామని ఉంటుంది. ఒక్క బొట్టు పడినా ఆ బుగ్గ కరిగిపోతుందని, దూరంగా గోడకు ఆనుకుని ఏడుస్తున్నాను.