స్టార్టరు లేని ట్యూబులైటు

ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లలో ఎవరింట్లో లైటు పోయినా ఎలక్ట్రీషియన్ మల్లేశానికే కబురు. లైటు వెలిగాక మాత్రం ఆ మనిషి ఎవరికీ గుర్తుండడు, అదీ సంగతి! కరీంనగర్ నుంచి వచ్చి పదేళ్లు దాటింది. పొద్దంతా హిందీలో మాట్లాడి మాట్లాడి, మునిర్కాలో తన గది చేరేసరికి సొంత మాట నోట్లోనే ఎండిపోయేది.

ఒక్క మాణిక్యాంబగారి ఇల్లు వేరు. ఆవిడది తెనాలి. కొడుకూ కోడలూ ఆఫీసులకి, మనవడు బడికి వెళ్లాక ఆ ఇంట్లో అలికిడే ఉండదు. వంటింటి ట్యూబులైటుకేం పోయేకాలమో, నెల తిరక్కుండా ఆరిపోయేది. మల్లేశం వెళ్లి స్టార్టరును కాస్త తిప్పి బిగిస్తే టపటపా కొట్టుకుని వెలిగేది. "పాతదైంది గదమ్మా, లూజైతాంది" అనేవాడు. ఆవిడ పెసరట్టు వేసిపెట్టి, "మీ అమ్మ కులాసాయేనా?" అని అడిగేది. ఢిల్లీ మొత్తంలో ఆ మాట అడిగేది ఆవిడొక్కతే.

2009లో కొడుకు లక్ష్మీపతి అప్పుడప్పుడే బజారులోకి వస్తున్న కొత్తరకం ఎల్‌ఈడీ ట్యూబు తెచ్చి, బిగించమని పురమాయించి ఆఫీసుకు పోయాడు.

మల్లేశం మెయిన్ ఆపి స్టూలెక్కాడు. "దీనికి చోక్ వద్దు, స్టార్టర్ వద్దమ్మా. కరెంటు సీదా ట్యూబుకే. ఇగ ఏండ్లదాక నాతోని పనే పడది" అన్నాడు. అంటుంటేనే, ఇక ఈ ఇంటికి రావడానికి సాకే ఉండదని తోచింది. ఓ వైరు వదులుగా వదిలేస్తేనో? ఛీ, ఇల్లు తగలబడితే! తనను తానే తిట్టుకున్నాడు.

"స్టార్టరు అసలుండదా నాయనా?" మాణిక్యాంబ మొహం వాడిపోయింది.

దాన్ని తీయబోతూ ఆగాడు. ట్యూబు పట్టీ నిండా జిడ్డు, దుమ్ము. స్టార్టరు మీద మాత్రం ఎండిన పిండి వేలిముద్రలు. ఇన్నాళ్లూ మోకాళ్ల నొప్పులతో స్టూలెక్కి దాన్ని వదులు చేస్తున్నది ఆవిడేనని అప్పుడర్థమైంది.

చోక్ వైర్లు విప్పి, కొత్త ట్యూబుకు నేరుగా కలిపి, స్క్రూలన్నీ గట్టిగా బిగించాడు. మెయిన్ ఆన్ చేసి స్విచ్చి వేస్తే చప్పుడైనా లేకుండా వెలిగింది.

"ఇగ స్టూల్ ఎక్కకుండ్రి అమ్మా, పడ్తరు. ఊరికెనే ఫోన్ జేయుండ్రి, నేనొస్త."

ఆవిడ తల దించుకుంది. "ఊరికే ఎలా పిలుస్తాను? ఎందుకొచ్చాడని మావాడడిగితే ఏం చెప్పను?"

ఆవిడ కళ్లు తుడుచుకుని, పెనం మీద పిండి పోసి, "మీ అమ్మ కులాసాయేనా?" అంది.

ఎప్పుడూ "మంచిగనే ఉంది" అని ముగించేవాడు. ఈసారి అమ్మ జ్వరం దగ్గర్నుంచి ఈనిన బర్రె దాకా అన్నీ ఏకరువు పెట్టాడు. ఆవిడ రెండో అట్టు పోసింది.